నిదానమ్మ పరుగు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుండేది కానీ, అది జీతం కాగితాల్లో తప్ప ఎవరి నోటా వినిపించేది కాదు. ఇంట్లోనూ, పనిలోనూ అందరికీ ఆమె నిదానమ్మే. పుట్టడమే డాక్టర్లు చెప్పిన తేదీ దాటాక తీరిగ్గా పుట్టిందని వాళ్ళమ్మ నవ్వేది. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు ఆలోచించుకుని చెబుతానని నెల రోజులు తీసుకుంది.

"ఆ నెలలో మావాడు ఇంకొకర్ని చూసుకోకపోవడం నీ అదృష్టమే" అని అత్తగారు ఏళ్ళ తరబడి దెప్పుతూనే ఉండేది.

"నాది కాదత్తయ్యా, ఆయనది" అని నిదానమ్మ కూర దించాక, చేయి తుడుచుకున్నాక, అప్పుడు జవాబిచ్చేది. అప్పటికి అత్తగారు తానేమన్నదో మరిచిపోయి ఉండేది.

ఆమె పని పెద్దాసుపత్రి నేలమాళిగలో, దుప్పట్లు ఉతికే చోట. గది నిండా ఎప్పుడూ ఆవిరి. వేడి రోలర్ కింద నుంచి దుప్పటి బయటికి రాగానే ఒక కొస తాను, ఒక కొస ఎదుటి మనిషి పట్టుకుని, లాగి, మడిచి, దగ్గరికొచ్చి, కొసలు కలిపి, మళ్ళీ దూరం జరగాలి. రోజంతా అదే. మడిచినవాటిని బండిలో పేర్చి వార్డులకు చేర్చడం కూడా ఆమె పనే. లిఫ్టు చెడిపోయిన రోజు మూటలు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాలి. ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. "ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మహానుభావుడి పెళ్ళాం మెట్లెక్కలేక చస్తోంది చూడండి" అని తోటివాళ్ళు ఆటపట్టించేవారు. ఆ ఆసుపత్రి కాంట్రాక్టు ఆయన కంపెనీది కాదని ఆమె ఎన్నిసార్లు చెప్పినా లాభం లేకపోయింది.

నలభై దాటాక ఆ మెట్లు నిజంగానే ఆమెను చంపడం మొదలుపెట్టాయి. రెండో అంతస్తుకల్లా గుండె గొంతులోకొచ్చేది. గోడకు చేరగిలబడి నిలబడేది. డాక్టరు చూసి, జబ్బేమీ లేదనీ, ఒళ్ళు వంచకపోవడమేననీ అన్నాడు. రోజంతా దుప్పట్లు లాగే మనిషితో ఆ మాట అన్నాడని ఆమెకు నెల రోజులు కోపం పోలేదు. ఆమెకు కోపం రావడం ఆలస్యం, పోవడం ఇంకా ఆలస్యం.

ఆ రోజుల్లోనే మరిది పెళ్ళి చేసుకుని భార్యను తెచ్చుకున్నాడు. ఇల్లు రెండంతస్తులది. కింద అత్తగారూ, నిదానమ్మా, ఆమె భర్తా. పైన కొత్త జంట. నిదానమ్మకు పిల్లలు లేరు. దానికోసం ఏడవాల్సిన ఏడుపంతా అప్పటికే ఏడ్చేసి ఊరుకుంది.

కొత్తగా వచ్చిన పిల్ల సన్నగా, ఒక చోట నిలవకుండా ఉండేది. మాట్లాడుతూనే గిన్నెలు సర్దేది, సర్దుతూనే కిటికీలోంచి వీధిని చూసేది. మూడో రోజుకల్లా అత్తగారు ఆ పిల్లకు తూనీగ అని పేరు పెట్టింది. తూనీగకు తల్లీ తండ్రీ లేరు, మేనమామ పెంచాడు. బస్సు స్టేషన్‌లో టిక్కెట్ల కౌంటర్ దగ్గర పని చేసేది. పెళ్ళికి ముందు నుంచీ పొద్దున్నే పరుగెత్తడం అలవాటు.

ఒకరోజు నిదానమ్మ తడిబట్టల బకెట్ పట్టుకుని డాబా మీదికి వెళుతూ పై అంతస్తు గడప దగ్గరే కూలబడింది. తూనీగ పరుగున వచ్చి బకెట్ అందుకుంది. నీళ్ళిచ్చింది. పక్కన కూర్చుని, ఆమె మామూలయ్యేదాకా చూసి అడిగింది.

"అక్కా, రేపు నాతో రా."

"ఎక్కడికి?"

"పరుగెత్తడానికి."

నిదానమ్మ నవ్వాలనుకుంది, ఊపిరి చాలలేదు. "మెట్లెక్కలేనిదాన్ని పరుగెత్తమంటావేంటే?"

"మెట్లెక్కలేవు కాబట్టే."

ఆలోచించుకుని చెబుతానంది నిదానమ్మ. తూనీగ ఆలోచించుకోనివ్వలేదు. మర్నాడు తెల్లవారుతుండగానే కిందికొచ్చి తలుపు తట్టి, తన పాత బూట్లు చేతికిచ్చింది. అవి ఒక సైజు పెద్దవి. ముందుభాగంలో గుడ్డ కుక్కుకుని నిదానమ్మ వీధిలోకి దిగింది.

అత్తగారు వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. "పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగమన్నారు పెద్దలు. ఇద్దరు కోడళ్ళూ ఒకేసారి పారిపోతున్నారంటే వీధిలో నా పరువేం కాను?" అంది.

"పారిపోతే మళ్ళీ ఇటే వస్తామా అత్తయ్యా?" అంది తూనీగ.

ఆ రోజు నిదానమ్మ ఒక దీపస్తంభం నుంచి ఇంకో దీపస్తంభం దాకా పరుగెత్తి, స్తంభాన్ని కావలించుకుంది. తరువాతి స్తంభం దాకా నడిచింది. మళ్ళీ పరుగెత్తింది. మూలమీద పాలబండివాడు ఆగి, "అమ్మా, ఏమైంది? ఎవరైనా తరుముతున్నారా?" అని అడిగాడు. తూనీగ అక్కడే కడుపు పట్టుకుని నవ్వుతూ కూర్చుండిపోయింది. మర్నాడు ఒళ్ళంతా పచ్చిపుండే. కుర్చీలోంచి లేవాలంటే గోడ కావలసి వచ్చింది. అయినా మర్నాడూ వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆమెకూ తెలీదు. బహుశా తనను ఎవరైనా తలుపు తట్టి లేపడం, రమ్మని పిలవడం చాలా ఏళ్ళ తర్వాత అదే మొదటిసారి కావడం వల్ల కావచ్చు.

ఆ ఏడు వానలు మొదలయ్యేనాటికి ఆమె పార్కు చుట్టూ ఆగకుండా ఒక చుట్టు పరుగెత్తేది. తర్వాత రెండు. తూనీగ ముందుకు పోయి, వెనక్కి వచ్చి, ఆమె చుట్టూ తిరిగి, మళ్ళీ ముందుకు పోయేది. కాళ్ళు దారికొచ్చాయి కానీ ఊపిరే రాలేదు. కాసేపటికే నోరు తెరుచుకుని, డొక్కలో సూది పోటుతో ఒంగిపోయేది. "ఇక నావల్ల కాదు, ఇంతవరకే నా తాహతు" అనుకుంది.

దుప్పట్లు చేర్చే వార్డుల్లో ఊపిరితిత్తుల వార్డు ఒకటుంది. అక్కడ రోగులకు యోగా పద్ధతిలో ఊపిరి నేర్పడానికి ఒకావిడ వచ్చేది. లావుపాటి మనిషి, మెడలో కళ్ళజోడు తాడు, గొంతు మాత్రం సన్నగా చిన్నపిల్లలా ఉండేది. రోగులంతా ఆమెను ఊపిరి టీచరమ్మ అనేవాళ్ళు. ఒకరోజు లిఫ్టు లేక మెట్లెక్కి వచ్చి, మూట దించి రొప్పుతున్న నిదానమ్మను ఆవిడ అలా చూస్తూ నిలబడింది.

"మూట దించేశావుగా?" అంది.

"దించానండి."

"మరి భుజాలెందుకు ఇంకా మొయ్యడం మానలేదు? గాలి పీల్చినప్పుడల్లా చెవులదాకా లేస్తున్నాయి. పొట్ట మీద చెయ్యి పెట్టు. అక్కడ కదలాలి."

నిదానమ్మ చెయ్యి పెట్టి చూసుకుంది. పొట్ట రాయిలా ఉంది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం టీ వేళ ఆమె ఆ వార్డు చివరి బెంచీ మీద కూర్చునేది. ముందు పడుకుని పొట్టతో ఊపిరి తీయడం నేర్పింది టీచరమ్మ. తర్వాత ఒక ముక్కు మూసి రెండోదానితో పీల్చి, అది మూసి మొదటిదానితో వదలడం. ఆ తర్వాత పెదాలు మూసి, తుమ్మెదలా సన్నగా ఝుంకారం చేస్తూ ఊపిరంతా అయిపోయేదాకా వదలడం. మంచాల మీదున్న రోగులు కూడా వంత కలిపేవాళ్ళు. ఆవిడ ఎవరినీ తొందరపెట్టేది కాదు. తొందర లేని విద్య ప్రపంచంలో ఒకటుందని నిదానమ్మకు అప్పుడే తెలిసింది. బతుకంతా వెక్కిరింపు తెచ్చిపెట్టిన గుణమే అక్కడ అక్కరకొచ్చింది.

"దీంతో నేను వేగంగా పరుగెత్తగలనా అండీ?" అని అడిగిందొకసారి.

"అదేం నేను చెప్పలేను తల్లీ. కంగారు పడకుండా పరుగెత్తగలవు. పక్కమనిషితో ఒక మాట చెప్పగలిగినంత నెమ్మదిగా మొదలుపెట్టు. పీల్చినదానికంటే వదిలేది పొడుగ్గా ఉండనీ. అడుగుతో కలుపు. అంతే."

అలాగే చేసింది. నేలమాళిగలో దుప్పటి మడుస్తూ కూడా ఝుంకారం చేసేది. ఎదుటి కొస పట్టుకున్న మనిషి "మోటారు కాలిపోతున్నట్టుందే" అని యంత్రం ఆపి వెతికింది ఒకసారి. డొక్కలో పోటు మెల్లగా తగ్గింది. పరుగు మధ్యలో నోరు తెరుచుకోవడం పోయింది. రాత్రిళ్ళు పడుకోగానే నిద్ర పట్టేది. అత్తగారి మాటలు ఒక చెవిలో పడి రెండో చెవిలోంచి పోవడానికి ఇదివరకు ఒక రోజు పట్టేది, ఇప్పుడు ఒక ఊపిరి చాలేది. మెట్ల మీద ఆగడం కూడా మానేసింది. ఎప్పటినుంచి మానేసిందో గమనించుకోనే లేదు.

తూనీగది వేరే లోపం. మొదట్లో గాలిలా పోయేది, సగం దారిలో అలిసి చతికిలపడేది. ఆమెకు ఈమె ఊపిరి నేర్పింది, ఈమెకు ఆమె అడుగు నేర్పింది. ఇద్దరూ భుజం భుజం కలిపి నది వంతెన దాకా వెళ్ళి వచ్చే స్థితికొచ్చారు. వచ్చే చలికాలంలో ఊళ్ళో జరిగే పెద్ద పరుగులో, ఇరవై ఒక్క కిలోమీటర్లది, ఇద్దరూ కలిసి పాల్గొనాలని అనుకున్నారు.

అప్పుడే ఒకనాడు, వంతెన మీద మబ్బు కమ్మి ఉండగా, తూనీగ ఉన్నట్టుండి అంది. "అక్కా, ఆయన నాతో మాట్లాడి పదహారు రోజులైంది."

నిదానమ్మ ఆగింది.

"ఆగకు. ఆగితే చెప్పలేను."

పరుగెత్తుతూనే చెప్పింది. మొదట్లో ఒక పూట, తర్వాత ఒక రోజు, ఇప్పుడు వారాలు. కారణం ఏంటో చెప్పడు. అడిగితే లేచి ఇంకో గదిలోకి వెళతాడు. వండింది తింటాడు, కంచం కడుక్కుంటాడు, టీవీ చూస్తాడు. ఒక రోజు పొద్దున్న ఏమీ జరగనట్టు "టీ ఉందా?" అంటాడు. ఆ మాట కోసం తాను ఎంత సంతోషపడిపోతుందో తలుచుకుంటే తనమీద తనకే అసహ్యం వేస్తోందంది. "నేను ఇంట్లో ఉన్నానో లేనో నాకే అనుమానం వస్తోందక్కా. అద్దంలో చూసుకుంటున్నా."

నిదానమ్మకు నమ్మబుద్ధి కాలేదు. మరిది కిందికొచ్చినప్పుడు అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని నవ్విస్తాడు. వదిన వంట మెచ్చుకుంటాడు. తను పనిచేసే టైర్ల దుకాణంలో అతను పలకరించని కొనుగోలుదారు ఉండడు. "అలసిపోయి ఉంటాడేమో" అంది. తూనీగ అడుగు వేగం పెంచింది.

కానీ ఆ వారమే తూనీగకు జ్వరం వచ్చింది. నిదానమ్మ మందులూ, సూపూ తీసుకుని మెట్లెక్కుతోంది. పై గదిలోంచి తూనీగ గొంతు వినిపించింది, "కొంచెం నీళ్ళిస్తావా?" అని. మళ్ళీ అడిగింది. మరిది లోపలే ఉన్నాడు. టీవీ సౌండు పెరిగింది. నిదానమ్మ మెట్ల మీదే నిలబడిపోయింది. చేతిలో సూపు చల్లారిపోయింది. మరిదిని ఆమె పదేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పటి నుంచి ఎరుగును. మామగారు బతికున్న రోజుల్లో ఆయన గొంతు లేస్తే ఆ పిల్లాడు మంచం కిందికి దూరి, ఎంత పిలిచినా పలికేవాడు కాదు. ఆ పలకకపోవడం అప్పుడు అందరికీ జాలిగా ఉండేది.

సంక్షిప్తంగా చెబితే, చలికాలం వచ్చేలోపల తూనీగ ఇక ఉండలేనంది. మేనమామ వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం కింద గదిలో అందరూ కూర్చున్నారు.

"కొట్టాడా?" అని అడిగింది అత్తగారు.

"లేదు."

"తిట్టాడా? తాగొచ్చాడా?"

"లేదత్తయ్యా."

"మరేంటమ్మా నీ బాధ? మా ఆయన నోరు తెరిస్తే పక్కింటి కిటికీలు మూసుకునేవి. మాట్లాడని మొగుడు దొరికితే నేనైతే దండం పెట్టుకునేదాన్ని."

మేనమామ కూడా సర్దుకోమన్నట్టే తూనీగ వైపు చూశాడు. నిదానమ్మ భర్త నేల చూస్తున్నాడు. మరిది తలుపు దగ్గర కూర్చుని చేతి గోళ్ళు చూసుకుంటున్నాడు. తూనీగ ఎవరివంకా చూడలేదు. అప్పటికే సగం లేచినట్టు కుర్చీ అంచున కూర్చుంది.

నిదానమ్మ గుండె మెట్లెక్కినప్పటికంటే గట్టిగా కొట్టుకుంది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఒక ఊపిరి పూర్తిగా వదిలి, అప్పుడు నోరు తెరిచింది.

"నేనొకటి చెప్పాలి. ఆ పిల్లకు జ్వరమొచ్చిన రోజు నేను మెట్ల మీదున్నా. నీళ్ళడిగింది. నువ్వు లోపలే ఉన్నావు బాబూ. టీవీ సౌండు పెంచావు. నేను విన్నాను. ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు."

మరిది తలెత్తి, "వదినా, నువ్వు కూడానా?" అన్నాడు. అంతే. లేచి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. తలుపు చప్పుడు కాకుండా వేసుకున్నాడు.

"ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అనలేదు" అంది అత్తగారు. ఆ తర్వాత చాలా రోజులు ఆమె కూడా పెద్దకోడలితో ముక్తసరిగానే మాట్లాడింది.

నిదానమ్మ మాట వల్ల ఒరిగిందేమీ లేదు. పోవాల్సినదాన్ని ఆపలేదు. మేనమామ మనసు మాత్రం మారింది. ఆ సాయంత్రమే మేనకోడల్ని తీసుకుని బయల్దేరాడు. వీధి చివర బస్సు ఎక్కేముందు తూనీగ నిదానమ్మను గట్టిగా పట్టుకుంది. "ఆదివారాలు మధ్యలో ఎక్కడైనా కలుద్దామక్కా. పరుగు మానకు" అంది. "మానను" అంది నిదానమ్మ.

ఇంటికొచ్చాక భర్త చాలాసేపు స్క్రూడ్రైవర్లు తుడుస్తూ కూర్చున్నాడు. "నువ్వు చెప్పింది అబద్ధమని నేననను" అన్నాడు చివరికి. "కానీ వాడు నా తమ్ముడు. అందరి ముందూ చెప్పాలా?"

"ఒంటరిగా చెబితే ఎవరు వినేవాళ్ళండీ?"

మంచి మనిషి. ఆ రాత్రి వంట తానే చేశాడు. ఎవరూ సరిగా తినలేదు.

రెండు ఆదివారాలు కలిశారు. తూనీగ మేనమామగారి ఊరు బస్సులో గంట దూరం. మధ్యలో ఒక చెరకు తోటల రోడ్డు మీద పరుగెత్తారు. మూడోసారి తూనీగ బూటు తాళ్ళు కట్టుకుంటూ తల ఎత్తకుండా అంది.

"అక్కా, ఒక మాట. నీ తప్పేం లేదు. నా తరఫున మాట్లాడింది నువ్వొక్కదానివే. కానీ నిన్ను చూస్తే ఆ మెట్లు గుర్తొస్తున్నాయి. ఆ తలుపు గుర్తొస్తోంది. నువ్వెళ్ళాక మూడు రోజులు నిద్ర పట్టడం లేదు." తాడు ముడి బిగించింది. "కొన్నాళ్ళు... కొన్నాళ్ళు కలవకుండా ఉందామా?"

నిదానమ్మ బతుకులో మొదటిసారి ఆలోచించుకోకుండా జవాబిచ్చింది. "సరేనమ్మా" అంది. ఆ రోజు ఇద్దరూ పరుగెత్తలేదు. తూనీగ ఎక్కించిన బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె చెయ్యి ఊపింది. తూనీగ కూడా ఊపింది, బస్సు మలుపు తిరిగేదాకా.

కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఇద్దరూ అనుకోలేదు. మొదట్లో ఫోనులో ఒకటి రెండు మాటలు వచ్చేవి. తర్వాత అవీ ఆగాయి. విడాకుల కాగితాలు లాయర్ల మధ్యే తిరిగాయి. మరిది కిందికి రావడం తగ్గించాడు.

నిదానమ్మ పరుగు మానేసింది. మాట తప్పాలని కాదు. పొద్దున్న మెలకువ వచ్చేది, తలుపు ఎవరూ తట్టరు కాబట్టి అలాగే పడుకుని పైకప్పు చూసేది. ఆ చలికాలపు పెద్ద పరుగు ఆమె లేకుండానే జరిగిపోయింది. ఎండాకాలానికి మళ్ళీ రెండో అంతస్తు దగ్గర ఆగడం మొదలైంది. ఒకనాడు వార్డు గోడకు ఆనుకుని రొప్పుతుంటే ఊపిరి టీచరమ్మ చూసింది.

"నీ జంట ఏదీ?" అంది. నిదానమ్మ తూనీగ గురించి అంతలా చెప్పి ఉండేది.

"లేదండి. వెళ్ళిపోయింది."

టీచరమ్మ బెంచీ మీద పక్కన కూర్చుని ఝుంకారం మొదలుపెట్టింది. నిదానమ్మ కూడా పెదాలు మూసింది. శబ్దం సగంలోనే విరిగి ఏడుపైపోయింది. "ఏడువు. అయ్యాక మళ్ళీ మొదలుపెడదాం" అంది టీచరమ్మ. ఏడుపును ఆపే ప్రాణాయామం ఏదీ లేదు. ఏడ్చాక చెల్లాచెదురైన ఊపిరిని అది మళ్ళీ దారిలో పెడుతుంది, అంతే. ఆ అంతే కూడా చిన్న విషయం కాదని ఆమెకు ఆ ఎండాకాలంలో తెలిసింది.

మళ్ళీ దీపస్తంభాల దగ్గర నుంచి మొదలుపెట్టింది. ఈసారి నవ్వడానికి పక్కన ఎవరూ లేరు. పార్కు చుట్టు, తర్వాత వంతెన, తర్వాత వంతెన దాటి గోదాముల దాకా. కొన్ని రోజులు బాగా సాగేది. కొన్ని రోజులు కాళ్ళు సీసంలా ఉండేవి. అలాంటి రోజున వేగం తగ్గించుకుని, ఊపిరి ఒక్కటే చూసుకుంటూ వెళ్ళేది. మరుసటి ఏడు చలికాలం పెద్ద పరుగుకు పేరిచ్చింది. భర్త స్కూటర్ మీద దించి, "అలిసిపోతే ఆగిపో. ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు.

సగం దారి దాటాక, నీళ్ళ బల్ల దగ్గర, పసుపు చొక్కాలు వేసుకున్న ఒక బృందంలో తూనీగ కనిపించింది. జుట్టు కురచగా కత్తిరించుకుంది. కాస్త ఒళ్ళు చేసింది. ముఖంలో వెలుగుంది. నిదానమ్మను చూసి క్షణం ఆగింది, తర్వాత నవ్వింది.

"వచ్చావా!" అంది.

"వచ్చాను."

పక్కపక్కన పరుగెత్తారు. కాసేపటికి ఇద్దరి అడుగులూ ఒకటయ్యాయి. ఊపిరి వదలడం కూడా ఒకేసారి. నిదానమ్మకు ఆ శబ్దం వింటుంటే ప్రాణం లేచివచ్చినట్టయింది. చెప్పాల్సినవి ఎన్నో కూడబెట్టుకుంది, ఒక్కటీ గుర్తు రాలేదు. ఇంతలో పసుపు చొక్కా మనిషి ఒకామె వెనక నుంచి వచ్చి తూనీగను అడిగింది, "ఎవరు, మీ అక్కా?"

తూనీగ ఒక్క అడుగు తడబడింది. "కాదు" అంది. "తెలిసినావిడ."

అందులో కోపం లేదు, విసురు లేదు. మరి ఏమని చెబుతుంది? ఇద్దరు అన్నదమ్ములుంటేనే తోడికోడళ్ళుంటారు. ఒక ముడి తెగిపోయాక రెండో ముడి దేన్ని పట్టుకుని ఉంటుంది? ఆ సంబంధానికి ఆ తర్వాత ఏ భాషలోనూ ఎవరూ పేరు పెట్టలేదు. నిదానమ్మకు అంతా అర్థమైంది. అర్థమైనంత మాత్రాన గుచ్చుకోకుండా పోదు. ఆమె మెల్లగా వేగం తగ్గించింది. తూనీగ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. "పో, పో. నీ వాళ్ళు ముందుకెళ్ళిపోతున్నారు" అని చెయ్యి ఊపింది నిదానమ్మ. పసుపు చొక్కాలు మలుపు తిరిగాయి.

ఆమె పరుగు పూర్తి చేసింది. జనం చాలావరకు ఇళ్ళకు వెళ్ళిపోయాక, దారికి కట్టిన తాళ్ళు విప్పుతున్న వేళ ముగింపు గీత దాటింది. మెడలో ఎవరో పతకం వేశారు. భర్త ఎదురొచ్చి, "ఎలా జరిగింది?" అన్నాడు. "ఊపిరి ఎక్కడా తప్పలేదండీ" అంది. స్కూటర్ మీద వెనక కూర్చుని, ఆయన వీపుకు నుదురు ఆనించి ఇల్లు చేరేదాకా ఏడ్చింది. ఆయన అద్దంలో చూస్తూనే ఉన్నాడు. ఆపి అడగలేదు, దారి మాత్రం కొంచెం చుట్టు తిప్పాడు.

ఆ మరుసటి ఏడు అత్తగారికి ఆయాసం పట్టుకుంది. గుండె బలహీనపడిందనీ, ఎక్కువ రోజులు కాదనీ డాక్టర్లు చెప్పారు. దిండ్లకు ఆనుకుని కూర్చుంటే తప్ప ఊపిరాడేది కాదు. పని నుంచి రాగానే నిదానమ్మ మంచం పక్కన కూర్చుని, ఆమె చేతిని ఆమె పొట్ట మీదే పెట్టి, మెల్లగా వదలడం చూపించేది.

"ఈ వయసులో కొత్త విద్యలా? యముడి దగ్గర కచేరీ చెయ్యనా?" అనేది అత్తగారు. అయినా చేసేది. చేశాక కాస్త నెమ్మదించి నిద్రపోయేది.

ఒక సాయంత్రం కళ్ళు మూసుకునే అడిగింది. "చిన్నది ఎలా ఉంది?"

తూనీగ వెళ్ళిపోయాక అత్తగారు ఆమె ఊసెత్తడం అదే మొదటిసారి.

"బాగుంది. పరుగులో కనిపించింది."

"నా గురించి అడిగిందా?"

"అడిగింది."

అత్తగారు కళ్ళు తెరిచింది. "అబద్ధం. నీకు అబద్ధమాడటం కూడా రాదే. ఊపిరి బిగబట్టేస్తావు." కాసేపు ఆయాసపడి, మళ్ళీ అంది. "కొట్టాడా అని అడిగాను ఆ రోజు. కొడితే నేను ఓర్చుకున్నా కాబట్టి, అదొక్కటే దెబ్బ అనుకున్నా. ఇప్పుడు పగలంతా ఈ గదిలో ఒక్కదాన్నీ పడుంటే తెలుస్తోంది. ఎవరూ పలకకపోతే నేను రెండు రోజులు కూడా బతకను."

నిదానమ్మ ఆమె వీపు నిమిరింది.

అత్తగారు ఎండలు ముదరకముందే పోయింది. అన్నీ అయిపోయిన మూడో రోజు నిదానమ్మ తూనీగకు ఫోను చేసింది. చాలాసేపు మోగాక అటు ఎత్తారు. విషయం చెప్పింది. "అయ్యో" అంది తూనీగ. ఫోనులో అటునుంచి ఊపిరి వినిపిస్తోంది, పీల్చినదానికంటే పొడుగ్గా వదులుతూ.

"చెప్పినందుకు చాలా థాంక్సండి" అంది తూనీగ. "ఉంటానండి."

మరిది మెట్ల కింద నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలీదు. గడ్డం పెరిగిపోయింది.

"ఆమెకేనా వదినా?"

"ఆఁ."

"ఏమంది?"

"అయ్యో అంది."

ఇంకేదో అడగాలని నోరు తెరిచాడు. గొంతు కదిలింది, మాట రాలేదు. అది మొండితనం కాదనీ, నిజంగానే రావడం లేదనీ ఆ క్షణాన నిదానమ్మకు తెలిసింది. "కూర్చో బాబూ" అని కుర్చీ జరిపింది. అతను కూర్చున్నాడు. ఆమె టీ పెట్టి తెచ్చింది. తాగాడు. కప్పు కింద పెట్టి, ఎవరూ అడక్కుండానే, "అమ్మ పిలిచినప్పుడు కూడా కొన్నిసార్లు నేను పలకలేదు" అన్నాడు.

"తెలుసు" అంది నిదానమ్మ.

ఇప్పుడామెకు యాభై దాటింది. ఆసుపత్రిలో కొత్త యంత్రాలొచ్చాయి, దుప్పట్లు అవే మడుస్తాయి. ఆమె బండి తోయడం ఒక్కటే చేస్తుంది. పొద్దున్నే వంతెన దాకా వెళ్ళి వస్తుంది. కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్ళు అప్పుడప్పుడూ ఆమెను అడుగుతుంటారు, డొక్కలో పోటు వస్తే ఏం చెయ్యాలని. ఆగి, వాళ్ళ చెయ్యి వాళ్ళ పొట్ట మీద పెట్టించి చూపిస్తుంది. కలిసి పరుగెత్తుదామా అని ఎవరైనా అంటే మాత్రం, "మీరు పదండి, నేను నిదానం" అంటుంది.